విలన్ ఒప్పుకునే సీను

ఏలూరు పవర్‌పేటలో సత్తిబాబు సీడీలు అద్దెకిచ్చేవాడు. అతని కొట్టుకి కరాటే సినిమాల కోసం వచ్చేవాళ్లు ఎవరంటే కాలేజీ ఎగ్గొట్టిన కుర్రాళ్లు, లారీ క్లీనర్లు, మీసం ఇంకా సరిగ్గా రాని మెకానిక్కులు. అలాంటి కొట్టు ముందుకి ఒక సాయంత్రం, తెల్లచీర కట్టుకుని, చేతిలో కూరల సంచీ పట్టుకుని, యాభై దాటిన ఒకావిడ వచ్చి నిలబడింది. మనిషిని చూసి సరుకు చెప్పగలనని సత్తిబాబుకి గొప్ప నమ్మకం. అడక్కుండానే యేసు పాటల సీడీలు తీసి బల్ల మీద పరిచాడు.

"అవి మా ఇంట్లో ఉన్నాయి బాబూ. కొట్టుకునేవి ఇవ్వండి," అంది ఆవిడ.

"కొట్టుకునేవంటే, ఫ్యాక్షన్ సినిమాలాండీ?"

"కాదండి, కరాటేవి. చైనావాళ్లు తెలుగులో మాట్లాడతారే, అవి."

సత్తిబాబు పాటల సీడీలు లోపల పెట్టేశాడు. "ఎలాంటిది కావాలండీ? గురువుని చంపితే శిష్యుడు పగ తీర్చుకునేదా, అన్నని చంపితే తమ్ముడు తీర్చుకునేదా?"

"ఎవరు ఎవర్ని చంపినా పర్లేదు బాబూ. చివర్లో ఆ చంపినవాడు, నేనే చంపానని నోటితో ఒప్పుకోవాలి."

"అది అన్నిట్లోనూ ఉంటుందండి."

"అయితే ఏదో ఒకటి ఇవ్వండి."

సత్తిబాబు ఇచ్చాడు గానీ, ఆవిడ బేరం ఏమిటో అతనికి బోధపడలేదు. ఫైట్ల కోసం తీసుకెళ్లేవాళ్లని చూశాడు, ఎగిరే మనుషుల కోసం తీసుకెళ్లేవాళ్లని చూశాడు. విలన్ చెప్పే ఒక్క మాట కోసం సినిమా అద్దెకి తీసుకున్న మనిషిని అదే మొదటిసారి చూడటం.

ఆవిడ పేరు మణెమ్మ. ఏలూరులో మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఊరు పెదపాడు అవతల, కొల్లేటి అంచున ఉన్న సీయోనుపేట. పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చి, సాయంత్రం పిల్లలకి వండి వార్చి పెట్టి, మళ్లీ బస్సెక్కేది. ప్రార్థన తప్పని మనిషి. స్త్రీల సమాజంలో పాట ఎత్తుకోవాలంటే ఆవిడ గొంతే ముందు లేవాలి. ఆ మనిషి ఇంటికెళ్లి, కాళ్లు కడుక్కుని, పగతో రగిలిపోయే సినిమా పెట్టుకుని కూర్చునేదంటే పేటలో ఎవరూ నమ్మేవారు కాదు. నమ్మాక కూడా, పోనీలే కొడుకు జ్ఞాపకం అని సర్దుకున్నారు. సర్దుకోవడంలో ఆ పేటని మించిన పేట లేదు.

కొడుకు జ్ఞాపకమన్నది నిజమే. ఆ పిచ్చి అంటించింది నిరంజనే. ఇంటర్ తప్పి, తండ్రి యేసుదాసు పనిచేసే వరదానం గారి చేపల చెరువు మీదే తనూ పనికి కుదిరాడు. మొదటి జీతంతో తాడేపల్లిగూడెం వెళ్లి, పాత సామాన్ల కొట్టులో బేరమాడి ఒక సీడీ ప్లేయరు తెచ్చాడు. దాని మీద రెండు గుద్దులు గుద్దితే గానీ పలికేది కాదు. యేసుదాసు ఆ సినిమాలు చూస్తూ చూస్తూ నిద్రపోయేవాడు. తల్లీకొడుకులు మాత్రం కళ్లప్పగించి చూసేవారు.

ఆ సినిమాలు తీసినవాళ్ల దగ్గర డబ్బులుండవు. ఆ సంగతి దాచుకోవాలన్న సిగ్గు కూడా ఉండదు. చెయ్యి తగలకముందే దెబ్బ చప్పుడు వినిపిస్తుంది. ముసలి గురువు గెడ్డం ఒక పక్క ఊడి వేలాడుతూ ఉంటుంది. కొండ మీంచి పడే బండరాయి నేల మీద పడి బంతిలా ఎగురుతుంది. నోరు మూసుకున్నాక కూడా మాట వినబడుతూనే ఉంటుంది. అందులోనూ ఆ చైనా విలన్ మన పౌరాణిక నాటకాల భాష మాట్లాడతాడు. "ఓరీ మూర్ఖుడా! నీ గురువును సంహరించినది నేనే!" అని చేతులు నడుముకి పెట్టుకుని పగలబడి నవ్వుతాడు.

"వీడు ఇందాకే చచ్చాడు కదరా?" అనేది మణెమ్మ ఒక రౌడీని చూపించి.

"డబ్బుల్లేవమ్మా వాళ్లకి. చచ్చినవాడికే చొక్కా మార్చి మళ్లీ పంపిస్తారు."

"అది సరే గానీ, ఈ విలన్ ఎందుకురా ఒప్పుకుంటాడు? నోరు మూసుకుని కూర్చుంటే వాడే చంపాడని ఎవరికి తెలుస్తుంది?"

"ఒప్పుకోకపోతే ఫైటు ఎలా మొదలవుద్దమ్మా?" అని నవ్వేవాడు నిరంజన్.

అప్పుడు ఇద్దరికీ అది వేళాకోళం.

కొల్లేటి చెరువుల మీద చేపలకి దొంగలు ఇద్దరు. ఒకటి నీటికుక్క, రెండు మనిషి. ఇద్దరికీ ఒకటే మందని కొందరు చెరువు చుట్టూ తొడుగు లేని వైరు లాగి రాత్రిపూట కరెంటు పెట్టేవారు. తెల్లవారక ముందే తీసేసేవారు. ఊళ్లో చాలామంది పెట్టేవారు, పెట్టామని ఒక్కరూ అనేవారు కాదు. వరదానం గారి చెరువుకీ ఉండేది. మోటారు షెడ్డులో దాని స్విచ్చి, ఆ షెడ్డుకి తాళం, ఆ తాళంచెవి ఆయన మొలతాడుకి.

వరదానం గారు సంఘ పెద్ద. ఆ ఏడు ఈస్టరుకి ముందొచ్చే శ్రమదినాల్లో రోజూ తెల్లవారుజామున గుడిలో ప్రార్థన జరిగేది, దాన్ని నడిపించేది ఆయనే. ఒకనాడు ఆయన ప్రార్థనలో ఉండగా, నిరంజన్ తవుడు నింపిన చిల్లుల సంచులు భుజాన వేసుకుని, వాటిని గెడలకి కట్టి చేపలకి మేత పెట్టడానికి చెరువులోకి దిగబోయాడు. వైరుకి కాలు తగిలింది. పందొమ్మిదేళ్ల కుర్రాడు. గట్టు మీద బోర్లా పడి ఉంటే ముందు తండ్రే చూశాడు.

ఇంటికి తెచ్చినప్పుడు యేసుదాసు భార్య కాళ్ల దగ్గర కూలబడి, "స్విచ్చి తియ్యలేదే మణెమ్మా. షెడ్డుకి తాళం వేసుంది. సందులోంచి చూశాను, లోపల స్విచ్చి వేసే ఉంది," అని ఏడ్చాడు. ఆ మాట ఆయన నోటివెంట రావడం అదే మొదలు, అదే ఆఖరు.

పిల్లవాడికి స్నానం చేయించకముందే గుడి అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. పోలీసులొస్తే ఒక్క చెరువుతో ఆగదు, ఊళ్లో అందరి వైర్లూ బయటపడతాయి, అందరి కరెంటూ పోతుంది. చెరువుల మీద బతికే పేట కదా. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. కాసేపటికి ఒక మాట తేల్చారు: నిరంజన్‌కి ఫిట్స్ వచ్చి చెరువులో పడ్డాడు. యేసుదాసు కూడా తలూపాడు. తలూపక ఏం చేస్తాడు? రేపు పని చెయ్యాల్సింది ఆ చెరువు మీదే. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ రోజు పేటలో ఎవరి పిడికెడు వాళ్లు పంచుకుని ఇళ్లకి వెళ్లారు.

"నా కొడుక్కి ఫిట్స్ లేవు!" అని మణెమ్మ అరిచింది.

పక్కింటి జీవరత్నం ఆవిణ్ణి గట్టిగా పట్టుకుని, "ఊరుకోండక్కా, ఊరుకోండి. కన్నకడుపు, బాధలో ఏదో అంటున్నారు," అని చుట్టూ ఉన్నవాళ్లకి చెప్పింది. అందరూ అవునవునని కళ్లు తుడుచుకున్నారు. శవపేటిక వరదానం గారే తెప్పించారు. సమాధి దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చింది కూడా ఆయనే, ఆ ఏడుపులో నటన లేదు.

నటన ఉన్నా బాగుండేదని తర్వాత మణెమ్మకి అనిపించింది. దుర్మార్గుడంటే దుర్మార్గుడిలా ఉండాలి. నల్ల కోటేసుకుని, కనుబొమలు పైకి లేపి, కిందపడ్డవాడి మీద కాలు పెట్టి నవ్వాలి. ఈయన చూస్తే నెలనెలా ఇంటికి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విప్పి, తల వంచుకుని నిలబడతారు. "తెలిసో తెలియకో మా వల్ల ఏదైనా పొరపాటు జరిగుంటే క్షమించండి మణెమ్మ గారూ," అంటారు. పొరపాటు ఏమిటో చెప్పరు. ఒకసారి మణెమ్మ తెగించి అడిగింది.

"ఆ పొద్దున స్విచ్చి వేసి వదిలేసింది ఎవరండీ?"

వరదానం గారి ముఖం పాలిపోయింది. "అవన్నీ ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకండీ. దేవుడి చిత్తం," అని చెప్పులేసుకుని వెళ్లిపోయారు. ఆ రాకపోకలు చల్లకొచ్చి ముంత దాచినట్టే ఉండేవి. ఆయనకి క్షమాపణ కావాలి, దేనికన్నది మాత్రం అడగకూడదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. సీయోనుపేటలో అందరి నోరూ మంచిదే. గోదావరి నీళ్లు తాగిన మర్యాద, ప్రతి మాటకీ చివర ఒక అండీ. ఆ మర్యాదతో ఒక పిల్లవాడి చావుని ఎంత మెత్తగా పూడ్చేశారంటే, మణెమ్మ అరుద్దామన్నా ఎవరి మీద అరవాలో తెలియలేదు. అందుకే సత్తిబాబు కొట్టు మెట్లెక్కింది. ఆ సినిమాల్లో చంపినవాడు మొదటి రీలులోనే కనిపిస్తాడు, చూస్తున్నవాళ్లందరూ సాక్షులే. ఎవరూ వచ్చి హీరో భుజం తట్టి, పోనీలే నాయనా అనరు. చివర్లో వాడు ఎదురుగా నిలబడి గొంతెత్తి చెబుతాడు, నేనే చంపాను అని. మణెమ్మకి ఆ తర్వాత వచ్చే ఫైటు కూడా అక్కర్లేదు. ఆ మాట దగ్గర సినిమా ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినేది. ఒక్కోసారి ఒంటరిగా ఉన్నప్పుడు, "చెప్పాడు, వెధవ," అని పైకే అనేది. ఆ ఒక్క క్షణం ఆవిడకి ఊపిరి ఆడేది.

ఆ సంఘంలో తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు జ్ఞాపకంగా అందరూ రొట్టె పంచుకునే ఆరాధన. ఇద్దరి మధ్య మనస్పర్ధ ఉంటే, రొట్టె తీసుకునే ముందు అందరి ఎదుటా లేచి నిలబడాలి. తప్పు చేసినవాడు తప్పు చెప్పి క్షమించమనాలి, రెండోవాళ్లు క్షమించానని చెయ్యి కలపాలి. గట్టు తగాదాలూ, కోళ్ల తగాదాలూ, తోడికోడళ్ల అలకలూ అక్కడే తెగేవి. సమాధానపడనివాళ్లు రొట్టె ముట్టకూడదు. నిరంజన్ పోయాక మణెమ్మ బల్ల నాడు చివరి వరుసలో కూర్చుని, పాట పాడి, రొట్టె దగ్గరికి వెళ్లకుండా ఇంటికి వచ్చేసేది.

పాస్టరు ఆనంద్ పాల్ గారు మంచివారు, చిన్న వయసు. ఒకనాడు ఇంటికి వచ్చి నచ్చజెప్పబోయారు.

"కట్టుబాటు మీకూ తెలుసు కదండీ పాస్టరు గారూ," అంది మణెమ్మ. "చేసింది చెప్పాలి, అప్పుడు క్షమించాలి. ఆయన నోటితో ఆయన చెప్పమనండి. ఆ క్షణమే క్షమిస్తాను."

"దేవుడికి అన్నీ తెలుసమ్మా."

"దేవుడికి తెలుసునండి. ఊరికి తెలియాలి. నా కొడుకు ఫిట్స్ వచ్చి పోలేదు."

పాస్టరు గారు ప్రార్థన చేసి వెళ్లిపోయారు. మణెమ్మ పట్టు వదల్లేదు. అది మొండితనమని పేటంతా అనుకుంది. నిరంజన్ బట్టలు పంచిపెట్టేశారు, చెప్పులు ఎవరో వేసుకు తిరుగుతున్నారు. ఈ కోపం ఒక్కటే కొడుకుది ఆవిడ దగ్గర మిగిలింది. అదీ ఇచ్చేస్తే వాడు నిజంగానే ఫిట్స్‌తో పోయినవాడైపోతాడు.

ఇలా రెండేళ్లు గడిచాయి. అంతలో కొల్లేటి మీద పెద్ద పిడుగు పడింది. సరస్సు లోపల తవ్విన చెరువులన్నిటినీ కొట్టేస్తారని, మ్యాపు మీద గీసిన గీతకి లోపల ఒక్క గట్టు కూడా మిగలదని కబురు వచ్చింది. ఆఫీసర్లు జీపుల్లో వచ్చి కొలతలు వేసుకుని వెళ్లారు. వరదానం గారి చెరువు గీతకి లోపలే ఉంది. పేటలో సగం మంది కూడు గీతకి లోపలే ఉంది.

సంఘం ఉపవాసాలు మొదలుపెట్టింది. ప్రార్థన కూటాలకి గణపవరం నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. "మీ మొర పైకి ఎందుకు చేరట్లేదో తెలుసా? పాళెంలో ఒక్క హృదయం గట్టిపడితే చాలు, శిక్ష అందరికీ పడుతుంది!" అని మైకులో గర్జించాడు. పాపం, అతనికి మణెమ్మ ఎవరో తెలియదు. అలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ అదే ప్రసంగం చేస్తారు. పేటకి మాత్రం తగలాల్సిన చోట తగిలింది. పందిట్లో తలలన్నీ నెమ్మదిగా చివరి వరుస వైపు తిరిగాయి.

సర్కారు గీసిన గీతకీ, హాస్టల్లో పప్పు వండుకునే ఆడమనిషి గుండెకీ సంబంధమేమిటని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. బుర్రలు తవుడు సంచుల్లో కట్టి చెరువులో వేలాడేసి వచ్చారు కాబోలు. మర్నాటి నుంచి ఒక్కొక్కరే ఇంటికి రావడం మొదలుపెట్టారు. తిట్టడానికి కాదు. తిట్టినా బాగుండేది.

"మా ఆయనకి పనుంటుందా ఊడుతుందా అన్నది మీ నోట్లో ఉందంటున్నారక్కా," అంది జీవరత్నం, మణెమ్మ చెయ్యి పట్టుకుని. "ఒక్క మాటండి. పైపైన అనేయండి. మీ మనసులో ఏముందో ఎవరు చూడొచ్చారు?"

యేసుదాసు అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయాడు, తినలేదు. చివరికి, "నన్ను చెరువు మీద పలకరించడం మానేశారు మణెమ్మా," అన్నాడు. "నాకోసం అనవే."

ఆవిడ ఆయన పళ్లెంలో మజ్జిగ పోసింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వరదానం గారు వచ్చారు. టీవీలో సినిమా నడుస్తోంది. మణెమ్మ ఆపింది. తెర మీద విలన్ నోరు తెరుచుకుని అలాగే నిలిచిపోయాడు. వరదానం గారు దాని వైపు ఒకసారి చూసి, కూర్చోమనకుండానే పీట మీద కూలబడ్డారు. మనిషి బాగా చిక్కిపోయి ఉన్నారు.

"చెబుతానండి," అన్నారు.

మణెమ్మ ఆయనకి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఆదివారం బల్ల ముందు, అందరి ఎదుటా చెబుతాను. ఆ రోజు ఏం జరిగిందో నా నోటితో నేనే చెబుతానండి. నాకు నిద్ర పట్టట్లేదు. మీరు క్షమిస్తానంటే చాలు."

"చెబితే క్షమిస్తానండి. నేను మొదట్నుంచీ అన్నది అదే."

ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మోసం చేద్దామని అనలేదు, చెబుదామనే అన్నారు. మణెమ్మకి అది తెలిసింది. ఆయన వెళ్లాక గోడకి చేరబడి చాలాసేపు ఏడ్చింది. అది ఆశ వల్ల వచ్చిన ఏడుపని ఆవిడకి తెలియడానికి కాస్త సమయం పట్టింది. ఆశ ఎలా ఉంటుందో మరిచిపోయిన మనిషి.

ఆదివారం గుడి కిక్కిరిసింది. కబురు ముందే పాకింది కదా. మణెమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని, ఆ రోజు ముందు వరుసలో కూర్చుంది. పక్కన యేసుదాసు. ఆనంద్ పాల్ గారు రొట్టె ఉన్న పళ్లెం మీద తెల్లగుడ్డ సర్ది, వరదానం గారి వైపు చూశారు. ఆయన లేచి నిలబడ్డారు. మణెమ్మ కూడా లేచింది.

"మన నిరంజన్ పోయిన రోజున," అని మొదలుపెట్టారు వరదానం గారు. "ఆ రోజు తెల్లవారుజామున నేను షెడ్డు దగ్గర..."

ఆయన చేత్తో కళ్లు ఒత్తుకున్నారు. వెనక వరుసల్లో వైర్లున్న చెరువులవాళ్లు తలలు వంచుకున్నారు. ఆనంద్ పాల్ గారు రెండడుగులు ముందుకి వచ్చి, ఆయన భుజం మీద మెత్తగా చెయ్యి వేశారు.

"చాలు వరదానం గారూ," అన్నారు. ఆయన కళ్లలోనూ నీళ్లున్నాయి. "విరిగిన హృదయాన్ని దేవుడు చూశాడు. వివరాలు మనుషులకి ఎందుకండీ? చాలు."

వరదానం గారు నోరు మూశారు. మోయలేని తవుడు బస్తా ఎవరో దించినట్టు ఆ ముఖంలో ఒక తేలిక కనిపించింది. మణెమ్మ ఆ తేలికని చూసింది. చెప్పనివ్వండి అని అరవాలనుకుంది. ఈలోగా ఎవరో పాట ఎత్తుకున్నారు, గుడంతా అందుకుంది. ఎప్పుడూ ముందు లేచే తన గొంతు లేకుండానే పాట సాగిపోయింది. పాట అయ్యేసరికి అందరి కళ్లూ తన మీదే. యేసుదాసు ఆవిడ చీర కొంగు చివర పట్టుకున్నాడు, చిన్నపిల్లాడిలా.

"క్షమించాను," అంది మణెమ్మ.

దారిలో ఎవరో పలకరిస్తే 'బాగున్నామండి' అన్నట్టు ఆ మాట దానంతటదే వచ్చేసింది. ఆడవాళ్లు వచ్చి కావలించుకున్నారు. జీవరత్నం ముద్దు పెట్టుకుంది. వరదానం గారి చెయ్యి చల్లగా, తడిగా ఉంది. తర్వాత రొట్టె నోట్లో పెట్టుకుంటే మింగుడు పడక, నీళ్లు లేక, చాలాసేపు నాలుక మీదే ఉండిపోయింది.

కోపం పోలేదు. పోయిందని అందరిలోనూ చెప్పిన మనిషి అయింది, అంతే. ఆ సాయంత్రం అలవాటుకొద్దీ సినిమా పెట్టింది. విలన్ నవ్వాడు, ఒప్పుకున్నాడు. హీరో పిడికిలి బిగించాడు. క్షమించానన్నవాళ్లకి ఇక్కడ పనేముంది అనిపించి, ఆపేసింది.

వేసవిలో యంత్రాలు రానే వచ్చాయి. ఎవరి ఉపవాసమూ, ఎవరి క్షమాపణా వాటిని ఆపలేదు. గట్లు తెగ్గొట్టారు. చెరువుల నీళ్లు సరస్సులో కలిసిపోయాయి, ఎవరి చేప ఏదో తెలియకుండా పోయింది. వరదానం గారి చెరువు మధ్యాహ్నం లోపే అయిపోయింది. మణెమ్మ నోటితో చెరువులు నిలబడతాయన్నవాళ్లలో ఒక్కరు కూడా వచ్చి, పొరపాటు పడ్డామండి అనలేదు. జీవరత్నం వాళ్లు ఇంటికి తాళం వేసి జంగారెడ్డిగూడెం వైపు ఆయిల్ పామ్ తోటల్లో పనికి వెళ్లిపోయారు. యేసుదాసు ఏలూరులో వాచ్‌మన్‌గా కుదిరాడు.

వానలు మొదలయ్యాక, హాస్టల్‌కి సెలవైన ఒక మధ్యాహ్నం వరదానం గారు మళ్లీ వచ్చారు. ఈసారి చెప్పులు విప్పడంలో ఆ బెరుకు లేదు. కుర్చీలో స్థిమితంగా కూర్చున్నారు. మణెమ్మ టీ ఇచ్చింది.

"మీకో మాట చెప్పాలండి, ఎన్నాళ్లనుంచో," అన్నారు గ్లాసు పట్టుకుని. "ఆ రోజు స్విచ్చి తియ్యకుండా షెడ్డుకి తాళం వేసుకొచ్చేసింది నేనే. ప్రార్థనకి ఆలస్యమవుద్దని. దారిలో గుర్తొచ్చింది కూడానండి. వెనక్కి వెళ్దామా అనుకున్నాను. అప్పటికే గుడిలో పాట మొదలైపోయింది. పాట అయ్యాక వెళ్దాంలే అనుకున్నాను."

మణెమ్మ రెండేళ్లు కోరుకున్న మాట. దానికంటే ఎక్కువే వచ్చింది. గుర్తొచ్చిందట. ఆ మాట వచ్చాక ఏదో జరగాలి కదా అని ఆవిడ ఎదురుచూసింది. బయట వాన పడుతోంది. ఏమీ జరగలేదు.

"ఇప్పుడెందుకు చెబుతున్నారండీ?"

"మీరు క్షమించేశారు కదండి. అందుకే ధైర్యం వచ్చింది."

"ఒకసారి బయటికొచ్చి ఆ మాట అనండి వరదానం గారూ. అరుగు మీద నిలబడి, వీధిలోవాళ్లు వినేలా. ఒక్కసారి."

ఆయన ఆవిడ వైపు జాలిగా చూశారు. "ఇంకా ఎందుకండీ, అయిపోయిన సంగతి. చెరువు కూడా పోయింది. నాకైతే ఈ రోజు ప్రాణం తేలికపడిందండి," అని టీ ఆఖరి గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, "ఉంటానండి," అని వానలోనే వెళ్లిపోయారు.

సాయంత్రం యేసుదాసు వచ్చాడు. తడిసిన చొక్కా విప్పుతూ, కుర్చీ పక్కన గ్లాసు చూశాడు.

"ఎవరొచ్చారు?"

"వరదానం గారు."

"ఏమన్నారు?"

మణెమ్మ మొగుడి ముఖం చూసింది. చెబితే ఈయన ఏమంటాడో తెలుసు. పోనీలేవే, ఇప్పుడెందుకు అంటాడు. ఆ మాట ఈయన నోట కూడా వినే ఓపిక ఆవిడకి లేదు.

"ఏమీ అనలేదండి," అంది. "ఊరికే పలకరించి వెళ్లారు."

"చెరువు పోయాక ఆయన బాగా దిగులు పడ్డారు పాపం," అంటూ యేసుదాసు కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు.